రామదాసు మిగిల్చిన కరెంటు

ఊరికే తిరిగే ఫ్యానును చూసినా, ఊరికే తిరిగే మిషనును చూసినా రామదాసుకు ఒళ్లు మండుతుంది. రాయచూరులో విజయకుమార్ సావుకారు వర్క్‌షాపులో, పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులకు షాఫ్టులు చేసే కంప్యూటర్ లేత్ మీద ఆయనది పద్దెనిమిదేళ్ల చెయ్యి. పొద్దుటి షిఫ్టు ఆయనది, మధ్యాహ్నం షిఫ్టు ఈరేశ్‌ది. ఈరేశ్‌కు పని నేర్పిందీ, పెళ్లి మాటలకు పెద్దమనిషిగా వెళ్లిందీ రామదాసే.

పక్కనే శక్తినగర్‌లో కరెంటు పుడుతున్నా, బిల్లు వచ్చినప్పుడల్లా సావుకారు తల పట్టుకునేవాడు. రామదాసు మిషను ముందు నిలబడి వారం రోజులు గమనించాడు. ఒక్కో కోత అయ్యాక పనిముట్టు జానెడు దూరం వెనక్కి పోయి వస్తోంది. అంతసేపూ మోటారు, చల్లార్చే నీళ్ల పంపు దండగకు నడుస్తున్నాయి. ప్రోగ్రాం మార్చి ఆ జానెడును వేలెడు చేశాడు. నాలుగు పలచటి కోతలను రెండు లోతైన కోతలు చేశాడు. పన్నెండు నిమిషాల షాఫ్టు ఆరు నిమిషాలకు దిగింది.

ఆయుధపూజ నాడు గుమ్మడికాయ కొట్టి, సావుకారు ఆయనకు శాలువా కప్పాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఈరేశే, పిచ్చి మారాజు!

మూడోనాడు సావుకారు పిలిచాడు.

"రామదాసూ, రెండు షిఫ్టుల మాల్ ఒక్క షిఫ్టుల్నే అయితున్నది. మధ్యాహ్నం షిఫ్టు బంద్ చేద్దాం. ఈరేశ్‌కు నువ్వే చెప్పు, నీ మాటైతె ఇంటడు."

రామదాసు రెండు చేతులూ జోడించాడు. "పాత ప్రోగ్రామే పెడ్త సావుకార్. పిల్లగాడు బతుకుతడు."

"గిట్ల ఎవరన్న అడుగుతరా?" అని సావుకారు నవ్వాడు. ఆ నవ్వులో కోపం కూడా లేదు. ఉంటే తిట్టుకోవడానికైనా ఆసరా దొరికేది.

షిఫ్టు మారే వేళ మిషను పక్కనే రామదాసు ఈరేశ్‌కు సంగతి చెప్పాడు. తాను తీసిన గోతిలో తాను పడేవాడికి సామెత ఉంది. పక్కవాడిని పడేసినవాడికి ఏముంది? ఈరేశ్ తిడితే బాగుండునని ఎదురుచూశాడు. ఈరేశ్ తిట్టలేదు.

"నువ్వేం జేస్తవన్నా. దుర్గేశ్ వర్క్‌షాపుల అడిగొస్త. ఉత్త చేతుల్తోటి పోతె పని ఇయ్యరు. గా కరెంటు మిగిలిచ్చే పని నాకు గూడ నేర్పియ్యి, ఆడ చేసి చూపిస్త."

అక్కడా మధ్యాహ్నం షిఫ్టులో ఎవడో ఒకడుంటాడు. ఆ మాట రామదాసు నోటిదాకా వచ్చింది. ఈరేశ్ అప్పటికే జేబులోంచి పెన్ను తీశాడు.

"రాస్కో" అన్నాడు రామదాసు.