మా కోడలు ఖాళీగా ఉండదు

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఆమె నలభై ఒక్క సీసాల నీళ్లు పరీక్షించింది. నీటి పరీక్షల ల్యాబ్‌లో అది మామూలే. లోపలికి ఫోన్ తీసుకెళ్లకూడదు. తలుపు పక్కన అరలో పెట్టి తాళం వెయ్యాలి.

ఆమెకు ముప్పై మూడేళ్లు. ఏడేళ్లుగా అదే బల్ల. క్లోరిన్ కలిపినా చావని బ్యాక్టీరియా కొన్ని పైపుల నీళ్లలోనే ఎందుకు కనిపిస్తోందన్నది ఆమె సందేహం. అడిగితే పై అధికారి, "ఉందో లేదో చెప్పడమే మన పనమ్మా, ఎందుకో మనకెందుకు?" అన్నాడు. దాంతో పీహెచ్‌డీకి దరఖాస్తులు మొదలుపెట్టింది. ఫెలోషిప్ ఉంటేనే చేరగలదు. భర్త జీతం ఒక్కదానితో ఇల్లు గడవదు. పదకొండు చోట్లకు పంపితే ఎనిమిదింటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. రెండుచోట్ల సీటుంది, ఫెలోషిప్ లేదన్నారు. మిగిలిన ఒక్కచోట ఇంటర్వ్యూ జరిగి నెలైంది.

నాలుగున్నరకు ఇల్లు చేరేసరికి అత్తగారు బట్టలు మడతపెడుతున్నారు. దరఖాస్తుల్లో రెండో ఫోన్ నంబరుగా ఇచ్చింది ఆవిడదే.

"నీకోసం ఎవరో ఫోన్ చేశారమ్మా. నువ్వు ఎత్తలేదని నాకు చేశాడట."

"ఎవరు అత్తయ్యా?"

"ఏమో. మీ కోడలుగారు ఖాళీగా ఉన్నారా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా కోడలు ఒక్క క్షణం ఖాళీగా ఉండదు నాయనా, ఇకముందూ ఉండదు అన్నాను. చేరడానికీ, గీరడానికీ అని ఏదో నసిగాడు. పెట్టేశాను."

ఆమెకు ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. చెప్పులు విప్పకుండానే, దారిలో చూసుకోని తన ఫోన్ తీసి, మిస్డ్ కాల్ ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. ఎత్తింది ఇంటర్వ్యూ జరిగిన చోటి పరిశోధన విభాగం గుమాస్తా.

"ఖాళీ లేదని మీ ఇంట్లోనే చెప్పారు కదండీ! జాబితాలో రెండో పేరుకు ఉత్తరం టైపు చేశాను."

"పంపేశారా?"

"సంతకం కావాలి. ప్రొఫెసర్‌గారు మీటింగ్‌లో ఉన్నారు."

"నేను ఖాళీయే అండీ! పూర్తిగా ఖాళీ!"

"మెల్లగా," అన్నారు అత్తగారు. "పక్కింటివాళ్లు వింటే పనీపాటా లేనిదనుకుంటారు."

అవతల నవ్వు వినిపించింది. "ఆవిడ మీ అత్తగారా? మీ ఫైల్లో ఉన్న సిఫారసు లేఖల్లో ఒక్కటీ అంత గట్టిగా లేదండీ. సరే, ఐదున్నరలోపు సమ్మతి మెయిల్ పెట్టండి."

నాలుగు యాభై రెండుకు పెట్టింది. ఐదు ఇరవైకి జవాబొచ్చింది: అందింది, నాలుగేళ్ల ఫెలోషిప్ ఖరారు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి, మడతపెట్టిన బట్టల మీదే కూలబడింది.

"లే, లే, ఇస్త్రీవి," అన్నారు అత్తగారు. విషయం విన్నాక మాత్రం మళ్లీ లేవమనలేదు.

చేరాల్సింది వచ్చే నెల పదిహేనున. ల్యాబ్‌కు ముప్పై రోజుల ముందు చెప్పాలి. రాజీనామా ఆ సాయంత్రమే రాసింది. ఐదు వాక్యాలు.