పదహారు వందల నోళ్లు

పళ్లక్కకు ఆ పొద్దున కాళ్లు నేల మీద ఆనడం లేదు. అందరికీ కట్టుడు పళ్లు చేసిపెట్టే మనిషి. పద్నాలుగేళ్లుగా తీసిన నోటి కొలతలన్నీ మూలుగుతున్న పాత కంప్యూటర్లో పెట్టుకుని, అదెప్పుడు కన్నుమూస్తుందోనని బిక్కుబిక్కుమంటూ బతికింది. ఇప్పుడు బల్ల మీద కొత్త స్టోరేజి పెట్టె కూర్చుంది. లోపల రెండు డిస్కులు, ఒకటి పోయినా రెండోదాంట్లో అంతా భద్రం. వైఫై ఉంటే చాలు, ఏ గదిలోంచైనా తెరవచ్చు. దాని పచ్చ దీపం మిణుకుమంటుంటే చంటిపిల్లను చూసినట్టు ఐదు నిమిషాలకోసారి వచ్చి చూసి మురిసిపోతోంది.

పాత కొలతలన్నీ అందులోకి మార్చే పని మరిది నెత్తిన వేసుకున్నాడు. అతను ఆఫీసులో ఫైళ్లు సర్దే గుమాస్తా. వదినేమో ఫైళ్లకు మనుషుల పేర్లు పెట్టదు. నోరు చూస్తే ఏది తోస్తే అదే పేరు: కుందేలు, తలుపు తీయని ఇల్లు, వేలు కొరికినాయన. అది చూసి అతనికి ఒళ్లు మండింది. పోనీ మేలు చేద్దామని ఒకటి నుంచి పదహారు వందల దాకా నంబర్లు వేసి, కొత్త పెట్టెలోకి ఎక్కించి, పాతదాన్ని శుభ్రంగా తుడిచేశాడు. తేదీలు కూడా అన్నీ ఆ రోజువే అయి కూర్చున్నాయి.

సరిగ్గా అప్పుడే రిటైరైన కండక్టరు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని దిగాడు. పళ్ల సెట్టు చేయి జారి ముక్కలైందట. మూడేళ్లుగా చూపులేని భార్యకు కళ్ల ఆపరేషన్ అయింది, మర్నాడు పొద్దున కట్టు విప్పుతారట.

"విప్పగానే ఆవిడకు నా పాత నవ్వే కనబడాలమ్మా, ముందుపళ్ల సందుతో సహా. ఈ బోసినోరు చూస్తే మళ్లీ కళ్లు మూసేసుకుంటుంది," అన్నాడు.

ఆయనకు సొంత పళ్లున్నప్పుడు తీసిన కొలత దొరికితే సాయంత్రానికి అచ్చంగా అవే చేయవచ్చు. తెరిచిన కిటికీ అని పేరు పెట్టిన గుర్తు. తీరా వెతికితే అన్నీ అంకెలే. పేర్లు తీసేసింది తనేనని మరిది ఒప్పుకున్నాడు. అతన్ని కడిగేయాలని నోటిదాకా వచ్చింది గానీ, పళ్లక్కకు అంత తీరికేదీ? ఒకటో నంబరు తెరిచింది. చూడగానే పకపకా నవ్వింది.

"వీడు కుందేలు. రాసుకో నాయనా."

రెండోది మందు పెట్టకముందే కేకలేసిన వస్తాదు. మూడోది పెళ్లిచూపుల ముందు పరుగెత్తుకొచ్చిన టీచరమ్మ. ఎదురుపడితే ముఖాలు పోల్చుకోలేదు గానీ, ఒక్క నోరూ మరిచిపోలేదు! ఈ సంగతి ఆమెకే తెలియదు. తెలిసేసరికి తల తిరిగినంత సంబరమైంది. ఆమె చెబుతూ పోయింది, మరిది రాస్తూ పోయాడు, రుమాలు చాటున కండక్టరు కడుపు పట్టుకుని నవ్వాడు. నాలుగు వందల పన్నెండో నంబరు దగ్గర ఆమె కుర్చీలోంచి ఎగిరి లేచింది. తెర మీద తన సొంత పళ్లు చూసుకుని ఆయన, ఎన్నాళ్లకో చుట్టం కనబడ్డట్టు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రమే కొత్త పళ్లు పెట్టుకుని వెళ్లిన ఆయన మర్నాడు ఆస్పత్రి నుంచే ఫోన్ చేశాడు. నవ్వుతో మాట సరిగా రావడం లేదు. కట్టు విప్పాక ఆవిడ చాలాసేపు అలాగే చూసి, ఒక్కటే మాట అందట.

"మనిషి ముసలాడైపోయాడు గానీ, నవ్వు మాత్రం నాదే."