ఆ సాయంత్రం పాట ఆపలేదు

మొన్న ఆదివారం మా ఆడపడుచు ఇంట్లో భోజనాలు చేస్తుండగా టీవీలో ఒక వార్త వచ్చింది. ఎక్కడో పెద్ద మైదానంలో రాక్ సంగీతం పెట్టుకుంటే జనం కొట్టుకున్నారట, అడ్డుగా కట్టిన కంచెలు విరిగాయట, కొందరిని ఆసుపత్రికి మోసుకుపోయారట. నాకు అన్నయ్య వరసయ్యే మా ఆడపడుచు భర్త పప్పన్నం కలుపుతూనే తీర్పు చెప్పేశారు. తప్పంతా ఆ పాటలదేనట, ఆ డ్రమ్ముల మోతకి రక్తం వేడెక్కుతుందట, రేపు మన భోగాపురం వైపు కూడా ఇలాంటివి పెడతారు, ముందే అడ్డుకోవాలట. వింటూ ఊరుకునే నోరు కాదు నాది. "అన్నయ్యగారూ, మీ అపార్ట్‌మెంట్ మీటింగులో నీళ్ల ట్యాంకరు కోసం కాలర్లు పట్టుకున్నారు కదా, ఆవేళ డ్రమ్ములు ఎవరు వాయించారు?" అన్నాను. మా ఆడపడుచు అందరికీ గబగబా పెరుగు వడ్డించేసి గొడవ తెంపింది.

గెలిచాననే అనుకున్నాను. కానీ ఇంటికి వచ్చి మంచం మీద నడుం వాల్చాక ఆ గెలుపు నిలవలేదు. నా వాదనలో నేను దాచిపెట్టిన ముక్క ఒకటి ఉంది. అది మా పిల్లలకే చెప్పలేదు, అన్నయ్యగారికేం చెబుతాను? మన ఈడు వాళ్లకైతే అర్థమవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

విజయనగరంలో డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను మా చిన్నాన్న ఆర్కెస్ట్రాలో పాడాను. మా నాన్నగారిది వీణ పాఠాలు చెప్పుకునే ఇల్లు. సొంత తమ్ముడు కీబోర్డు కొని తెచ్చాడని తెలిసిన రోజున ఆయన నూతి దగ్గరికి వెళ్లి తలస్నానం చేసి వచ్చారంటే మా ఇంటి సంగతి మీకు బోధపడాలి. అయినా పట్టుబట్టి, అన్నం మానేసి, పిన్ని చేత చెప్పించి నేను ఆ స్టేజీ ఎక్కాను. చిన్నాన్న కీబోర్డు, మేనత్త కొడుకు బావ డ్రమ్స్, ఇద్దరు గిటార్ వాళ్లు, ఆడగొంతు నాది. బొబ్బిలి నుంచి అరసవల్లి దాకా పండగ ఏదైనా సరే, ఆర్కెస్ట్రా లేకపోతే ఊరికి పరువు తక్కువనుకునే రోజులవి. మీలో ఎంతమంది సంచీ పరుచుకుని మట్టిలో కూర్చుని మమ్మల్ని విన్నారో నాకేం తెలుసు.

స్టేజీ ఎక్కిన కొత్తలో చిన్నాన్న నాకు రెండు సంగతులు నేర్పారు. మొదటిది, జనం మొత్తాన్ని చూసి పాడితే గొంతు వణుకుతుంది, అందుకని అందులో ఒక్క మొహాన్ని ఎంచుకుని ఆ మనిషికే పాడాలి. రెండోది, కింద ఎంత గొడవైనా పాట ఆపకూడదు. పాట ఆగితే కొట్టుకోని వాళ్లు కూడా లేచి అటు తిరుగుతారు, పరుగులు మొదలవుతాయి, పిల్లలు కాళ్ల కింద పడతారు. పాట నడుస్తున్నంతసేపూ సగం మందైనా కూర్చునే ఉంటారు. ఇది మా చిన్నాన్న కనిపెట్టిందేం కాదు, మా వైపు స్టేజీ మీద బతికిన వాళ్లందరికీ తెలిసిన పద్ధతే. నేనే రెండుసార్లు చూశాను, చొక్కాలు పట్టుకున్నవాళ్లు పాట నడుస్తుండగానే వాటిని వదిలేసి వచ్చి కూర్చున్నారు.

ఇది జరిగిన ఊరు బొబ్బిలి పోయే రోడ్డు మీదిది, పేరు చెప్పను. అమ్మవారి పండగ. రాత్రి కరెంటు నమ్మకం లేదని పొద్దు ఉండగానే మొదలుపెట్టాం. బడి ముందు ఖాళీ జాగాలో షామియానా, ముందు వరసల్లో పెద్దలకి ఇనుప మడత కుర్చీలు. ఇళ్లలో చుట్టాలకు వండుతున్న ఆడవాళ్లకు కూడా వినబడాలని, కమిటీ వాళ్లు రోడ్డు పొడుగునా తాటిచెట్లకు మైకు గొట్టాలు కట్టి పక్క పాలెం దాకా తీసుకెళ్లారు. అది వాళ్ల ఆనవాయితీ.

పాటకు ముందు చీటీలు వచ్చేవి కదా, ఫలానా పాట ఫలానా వారి కోరికపై అని. ఆ రోజు చీటీలు చదివే పని బావది. చేతికి అందినవి అందినట్టు చదివాడు, మొదటి మూడూ పైవీధి వాళ్లవే అయ్యాయి. కిందవీధి నుంచి ఎవడో లేచి, "మా సీటీ నమిలి మింగేసినావేట్రా?" అన్నాడు. పైవీధి వాడు, "నీకు పాటలెందుకురా, పోయి గొడ్లకి కుడితెట్టు" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే ఒక కుర్చీ గాలిలోకి లేచింది.

అప్పటికే నేను పల్లవి ఎత్తుకున్నాను. జోలపాటలాంటి నెమ్మది పాట. చిన్నాన్న నా వైపు తిరగకుండానే కీబోర్డు మెట్ల మీద నుంచి ఎడమచేతి వేలొకటి పైకెత్తారు, సాగించమని. సాగించాను. దుమ్ము లేచింది. పొద్దు కుంకుతోంది, జనరేటరు మీద ట్యూబులైట్లు వెలగాలా వద్దా అన్నట్టు కొట్టుకుంటున్నాయి, ఆ మసకలో మనుషులు తలలూ చేతులుగా విడివిడిగా కనబడుతున్నారు. పాడటానికి నాకొక మొహం కావాలి. వెతికాను, దొరికింది.

ఎడమవైపు షామియానా గుంజకు వీపు ఆనించి, నీలం చొక్కా మనిషి ఒకాయన నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ అంతా కదులుతోంది, ఆయన కదలడం లేదు. తల కొంచెం పక్కకు వాల్చి, బాగా విన్నవాళ్లు వాల్చినట్టే, నా వైపే చూస్తున్నాడు. ఇంత రభసలో ఒక్కడైనా వింటున్నాడు కదా అని నా ప్రాణం లేచి వచ్చింది. ఆయన కోసమే పాడాను. మొదటి చరణం రెండుసార్లు పాడాను, నాన్నగారి దగ్గర నేర్చుకున్న గమకాలన్నీ అందులో పెట్టాను. ఆయన రెప్ప వేయలేదు. అది నాకు మెచ్చుకోలుగా తోచింది.

చివరి చరణానికి పోలీసులు వచ్చారు, జనం చెదిరిపోయారు. జాగా అంతా విడిచిపోయిన చెప్పులే. నేను పాట ముగించాక కూడా ఆఖరి స్వరం దూరపు గొట్టాల్లోంచి ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది, తాటిచెట్ల అవతల వేరే ఆడమనిషెవరో నా తరవాత పాట ముగిస్తున్నట్టు. నీలం చొక్కా ఆయన మాత్రం ఇంకా నన్నే చూస్తున్నాడు. బావ స్టేజీ దిగి వెళ్లి, "అయిపోనాది, లెగు బాబూ" అని భుజం తట్టాడు. ఆయన ఆ పక్కకే ఒరిగిపోయాడు.

విడదీయడానికి వెళ్లాడట. కుర్చీ అంచు తల వెనక తగిలిందట. కళ్లు తిరిగి, గుంజ పట్టుకుని కూర్చున్నాడట. ఒళ్లింకా వెచ్చగానే ఉందన్నాడు బావ. నా పాటలో ఏ చరణం దగ్గర ఆయన ప్రాణం పోయిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

కుర్చీలు విసిరినవాళ్ల మీద కేసు లేకుండా పెద్దలు రాజీ చేశారు, మరుసటి ఏడు పండగ కమిటీలో వాళ్లే కూర్చున్నారు. చెడ్డపేరు మాత్రం మాకొచ్చింది. శవానికి పాట పాడిన ఆర్కెస్ట్రా అన్నారు. మేం వస్తే ఊరికి కీడన్నారు. ఒప్పుకున్న ఊళ్లన్నీ ఒక్కొక్కటిగా వద్దని కబురు పెట్టాయి, ఆర్కెస్ట్రాలే వద్దని చాలా ఊళ్లలో తీర్మానాలయ్యాయి. మా నాన్నగారు "చూశావా" అని ఒక్కమాట అన్నారు. నేను ఊరుకోలేదు. మీ కచేరీ సభల్లో ముందు వరస దక్కలేదని పెద్దమనుషులు కండువాలు దులుపుకుని లేచిపోలేదా, చెయ్యి చేసుకోవడం చేతకాక ఆగారు తప్ప అని ఆయన మొహం మీదే అన్నాను. పాట కుర్చీ విసరలేదని కనబడిన వాళ్లందరితోనూ వాదించాను. చిన్నాన్న మాత్రం కీబోర్డు మీద దుప్పటి కప్పేసి రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్నారు.

నెల తరవాత పిన్నిని తోడు తీసుకుని ఆ నీలం చొక్కా ఆయన భార్యను చూడటానికి వెళ్లాను. ఆమె ఉండేది ఆ పక్క పాలెంలోనే. వాకిలికి ఎదురుగా తాటిచెట్టు, దాని మీద గొట్టం తీసేసినా కట్టిన తాడు అలాగే వేలాడుతోంది. ఆమె తిడుతుందని దారి పొడుగునా సమాధానాలు కూర్చుకుంటూ వెళ్లాను. చిన్నాన్న చెప్పిన పద్ధతి, పరుగులు, పిల్లలు, అన్నీ వరసగా పెట్టుకున్నాను. ఆమె పీట వాల్చింది, నీళ్లిచ్చింది. ఎవరమో చెప్పాం. నా మొహంలోకి చూసి అడిగింది, "ఆ గొంతు నీదేనా?"

అవునన్నాను.

"ఇక్కడికి గొడవ ఇనబళ్లేదమ్మా, పాటే ఇనబడినాది. పాట ఆగలేదు గదా, ఏటీ అవలేదనుకున్నాను. మావ ఆకలితో వస్తాడని బియ్యం కడిగి ఎసట్లో పోసినాను. ఆగిపోయుంటే పరిగెట్టుకొచ్చేద్దును." ఖాళీ చెంబు అందుకుని, "సివరిదాకా సక్కగా పాడినావు" అంది.

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. ఉంటే నాకు బాగుండేది, ఎత్తిపొడుపుకు బదులు చెప్పడం నాకు వచ్చు. లేదు. ఆ పాలెం నుంచి బడి దగ్గరికి పది నిమిషాల నడక, పరిగెడితే అయిదు. ఆమె వచ్చి ఉంటే బతికేవాడని నేననను, కానీ ఆ గుంజ దగ్గర ఆయన చూస్తూ పోయిన మొహం నాది కాకుండా ఆమెది అయ్యేది. మా చిన్నాన్న పద్ధతిలో పందిట్లో కూర్చున్నవాళ్ల లెక్క ఉంది, తాటిచెట్ల అవతల వింటున్నవాళ్ల లెక్క లేదు. ఆ రోజు నుంచి నేను పాడలేదు. నా పిల్లలను నిద్రపుచ్చడానికి కూడా పాడలేదు.

ఇప్పుడు మా వైపు పండగలకు చెట్లకు గొట్టాలు కట్టడం లేదు. బీరువాలంత స్పీకరు పెట్టెలు పెడతారు, గుండెలదిరేలా మోగిస్తారు, ఇళ్లలో ఆడవాళ్లు తలుపులు బిగించుకుంటారు, మగవాళ్లు తిరిగి వచ్చేదాకా ఫోన్లు చేస్తూనే ఉంటారు. సంగీతం చెడిపోయిందని ఇప్పటికీ అనను, ఎవరన్నా ఒప్పుకోను. పోయింది వేరే ఉంది. ఆ రోజుల్లో దూరాన పాట వినబడుతోందంటే అక్కడ అందరూ బాగున్నారని పొయ్యి దగ్గరున్న మనిషి నమ్మేది, నమ్మి ఎసరు పెట్టేది. ఆ నమ్మకం ఇవాళ వెతికినా దొరకదు. దాన్ని పోగొట్టినవాళ్లలో కుర్చీలు విసిరినవాళ్లున్నారు, వాళ్ల పేర్లు ఎవరూ అడగరు. నేనూ ఉన్నాను.