విజయ టీచర్ చెప్పింది సదువే

నిన్న పొద్దుగాల డ్యూటీకి పోతున్న. షేర్ ఆటోల ఉన్న. నాతోని సదివిన రజిత ఫోన్ చేసింది.

"లావణ్యా, విజయ టీచర్ పోయిందే. హార్ట్ ఎటాక్ అట."

ఇంకేం ఇనవడలే. జోల్వా స్టాప్ కాడ దిగాల్సినదాన్ని, దాటి పోయిన.

సూరత్‌ల మా తెలుగు స్కూల్‌ల సదివినోళ్లకు ఆమె ఎవరో చెప్పే పని లేదు. తెల్వనోళ్ల కోసం రాస్తున్న.

ఐదో క్లాస్‌ల మా టీచర్.

మా నాయినలందరు బట్టలు నేసే లూమ్‌ల మీద పని చేసేటోళ్లు. ఇంట్ల తెలుగు, గల్లీల హిందీ, దుకాణంల గుజరాతీ. టీచర్ ప్రశ్న అడిగితే ఏ భాషల చెప్పాల్నో తెల్వక తలకాయలు కిందికేస్కునేటోళ్లం.

నేనైతే అస్సలే నోరు తెర్వకపోయేదాన్ని. నాకు నత్తి.

పాఠం అయిపోయినంక టీచర్ ఆ పాఠంల నుంచి ఒక మాట చీటీ మీద రాసి, ఒకల వీపుకు పిన్ను పెట్టేది. ఏం రాసిందో వాళ్లకు కనవడది. క్లాస్‌ను అడిగి కనుక్కోవాలె. మిగిలినోళ్లు "అవును", "కాదు" అని మాత్రమే చెప్పాలె.

ఒకరోజు వాన పాఠం అయినంక చీటీ నా వీపు మీదికి వచ్చింది.

"నా... నాకు పా... పాణం ఉందా?"

వెనకకెళ్లి ఎవలో నవ్విన్రు.

టీచర్ వాళ్ల దిక్కు సుత సూడలే. "లావణ్య అడుగుతుంది. జవాబు చెప్పున్రి" అన్నది. అంతే. క్లాస్ అన్నది:

కాదు.

"న... నన్ను పట్టుకోవచ్చా?" కాదు.

"నీ... నీళ్లల్లకెళ్లి పుట్టిన్నా?" అవును!

"పై... పైకి పోతనా?" అవును! అవును!

"ఆ... ఆవిరి!"

క్లాస్ మొత్తం బల్లలు కొట్టింది. నా జిందగీల ఫస్ట్ టైమ్, నేను మాట్లాడితే చప్పట్లు.

తర్వాత వారం ఇన్‌స్పెక్షన్‌కు ఒక సాబ్ వచ్చిండు. మా లొల్లి ఇని తలుపు కాడనే ఆగిండు. "యే స్కూల్ హై యా మేలా?" ఇది బడా, జాతరా అని.

మా హెడ్‌మాస్టర్ మొఖం తెల్లవడ్డది. టీచర్ మాత్రం చేతుల చీటీలు గట్లనే పట్టుకొని హిందీలనే అన్నది: "పుస్తకాలు మూసినం సాబ్. ఏదన్న అడగండి."

వాన ఎట్ల పడ్తదని అడిగిండు.

నేను లేసిన. హిందీల, నత్తితోని, మొత్తం చెప్పిన. మస్తు టైమ్ పట్టింది. టీచర్ నడుమ ఒక్క మాట అందియ్యలే.

సాబ్ ఇని పోయిండు. కానీ వారానికి టీచర్‌కు మెమో వచ్చింది. క్లాస్‌ల క్రమశిక్షణ లేదంట.

టీచర్ సంతకం పెట్టి తీస్కున్నది. తెల్లారి కొత్త చీటీలు కోస్కొచ్చింది. రిటైర్ అయ్యేదాంక ఆపలే.

నిన్న మా ఓల్డ్ స్టూడెంట్స్ గ్రూప్‌ల ఒక అన్న మెసేజ్ పెట్టిండు: "మంచి మనిషే, కానీ సదువుకన్న ఆటలే ఎక్కువ."

అన్నా, తప్పు.

నేను ఇయ్యాల ఒక లూమ్ యూనిట్‌ల డిస్పాచ్, అంటే సరుకు పంపుడు చూస్త. పొద్దంత వ్యాపారులతోని ఫోన్ల మీదనే. నత్తి పోలే, ఇంక ఉంది. ఎవలన్న నవ్వితే ఆగుత. మల్ల మొదలు పెడ్త. మాట పూర్తి చేసినంకనే ఫోన్ పెడ్త.

ఇది నాకు ఏ గైడ్ బుక్ నేర్పలే.

గ్రూప్‌లకెళ్లి నన్ను తీసేస్తే తీసెయ్యున్రి. ఈ పోస్ట్ మాత్రం డిలీట్ చెయ్య.

పోయి రాండ్రి టీచర్. మీ పాణం సల్లగుండాలె. మీ మీద మాటొస్తే ఈడ మేమున్నం.