మూడు హారన్లు

నవ్వాఫ్ పుట్టడమే తొందరపడి పుట్టాడు. నెలలు నిండకుండానే, తల్లిని సల్త్ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తున్న గొర్రెల లారీలో, కొండమలుపు దగ్గర. ఇంకాస్త ఓపిక పట్టి ఉంటే తెల్లదుప్పటి మీద పుట్టేవాడు. వాడి తప్పు కాదు, దారి గతుకులదేనని తల్లి బతికినన్నాళ్లూ వెనకేసుకొచ్చింది. కానీ యాభై ఏళ్లుగా చూస్తున్నాం, గతుకుల్లేని చోట కూడా అతని తీరు అదే.

టీ పొగలు కక్కుతుండగానే గొంతులో పోసుకుంటాడు. పుచ్చకాయ గింజలు ఉమ్మే ఓపిక లేక మింగేస్తాడు. రంజాన్ సాయంత్రాల్లో గింజ తీసేసిన ఖర్జూరపండు చేతిలో సిద్ధంగా పెట్టుకుని, కిటికీ దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, అజాన్ ఇచ్చేవాడు కావాలనే ఆలస్యం చేస్తున్నాడని గొణుగుతాడు. ఎవరైనా ‘ఇన్షా అల్లా’ అంటే చాలు, ఒళ్లు మండుతుంది. దేవుడి మీద కోపం కాదు. ఆ మాటన్న మనిషి రేపు కూడా ఆ పని చేయడని.

అలాంటివాడికి దొరికిన బతుకుతెరువు మినీ బస్సు. సల్త్ నుంచి అలాన్ ఊరికి, అలాన్ నుంచి సల్త్‌కి. బస్సుకి వేళంటూ ఉండదు, సీట్లు నిండితేనే కదులుతుంది. అంటే బతుకంతా ఎదురుచూపే. స్టాండులో బస్సు చుట్టూ తిరుగుతాడు, తుడిచిన అద్దాన్నే తుడుస్తాడు, దూరంగా ఎవరి నీడ కదిలినా హారన్ కొడతాడు. ఎప్పుడూ మూడే. రెండు పొట్టివి, మూడోది పొడుగ్గా, సాగదీసి. జోర్డాన్ మొత్తంలో అలా కొట్టేవాడు ఇంకొకడు లేడు. అలాన్ కోళ్లు కూడా ఆ మోత వింటే రోడ్డు ఖాళీ చేస్తాయని జనం నవ్వుకునేవారు.

అతని భార్య ఫిద్దా. దేవుడు వాళ్లిద్దరినీ ఒకే రోజు చేసి ఉంటాడు. తొందరంతా ఒకరిలో పోసేసరికి రెండో మనిషికి నిదానం ఒక్కటే మిగిలింది. ఆలస్యం అమృతం విషం అని అతను రోజుకోసారి అనేవాడు. నిదానమే ప్రధానం అని ఆమె ఎదురు చెప్పేది కూడా కాదు. ఆ మాట కూడబలుక్కునేలోపు అతను వీధి దాటి వెళ్లిపోయేవాడు మరి.

పెరుగు చారులో మాంసం ఉడికించే మన్సఫ్ వండే రోజు చూడాలి ఆ ఇద్దరినీ. రాయిలా ఎండిన పెరుగు గడ్డల్ని ముందురోజే నానబెట్టి, కరిగించి, సన్నటి మంట మీద పెట్టి, పొంగు వచ్చేదాకా గరిటె ఒకే వైపు తిప్పుతూ ఉండాలి. చెయ్యి ఆపినా, మంట పెంచినా విరిగిపోతుంది. ఫిద్దా అలా నిలబడి తిప్పుతూంటే ఆమె ముఖంలో ఒక శాంతి కనిపించేది. అది చూస్తే నవ్వాఫ్‌కి అరికాళ్లు దురదపెట్టేవి. ఒకసారి చుట్టాలు కూర్చుని ఉండగా, ఆమె ఉప్పు కోసం అటు తిరిగిన క్షణంలో వెళ్లి మంట పెంచేశాడు. చారు విరిగిపోయి, నీళ్లు ఒక పక్కా ముద్దలు ఒక పక్కా అయింది. చుట్టాలు మర్యాదగా తిన్నారు. రుచి అదే కదా అని అతనే అన్నాడు.

వీడ్కోళ్ల సంగతి మరీ ఘోరం. ఎవరింటికి వెళ్లినా ఫిద్దా గదిలో ఒకసారి సెలవు తీసుకుంటుంది, గుమ్మంలో ఒకసారి, మెట్ల మీద ఒకసారి, గేటు దగ్గర ఇంకోసారి, అసలైన కబుర్లన్నీ అప్పుడే మొదలు. సల్త్‌లో ఇళ్లన్నీ కొండకి అంటుకుని ఉంటాయి, మెట్లకి లోటు లేదు. కింద బస్సులో కూర్చుని నవ్వాఫ్ మూడు కొడతాడు. కాసేపాగి మళ్లీ మూడు. కూతురు హలా పెళ్లయి అమ్మాన్ వెళ్లేదాకా, అమ్మకీ హారన్‌కీ మధ్య రాయబారాలు నడపడంతోనే పెరిగింది.

ఆ ఎండాకాలం ఫిద్దా పిన్ని పోయింది. తల్లి లేని ఫిద్దాని ఎత్తుకు పెంచిన పిన్ని. పరామర్శల చివరి రోజు సాయంత్రం నవ్వాఫ్ ఆమెని తీసుకురావడానికి వెళ్లాడు. చావు జరిగిన ఇంటి ముందు మూడు హారన్లు కొట్టాడు. పైన కిటికీలోంచి ఎవరో తొంగిచూసి తప్పుకున్నారు. ఇంకో మూడు కొట్టాడు. ఎదురు సందులో ఇంకో బండి దారి ఇమ్మంటోంది, చెమటలు కారుతున్నాయి, తర్వాత చుట్టాల ఆడవాళ్లతో వస్తుందిలే అనుకుని గేరు వేశాడు, వెళ్లిపోయాడు.

ఫిద్దా ఆ సమయానికి పిన్ని కూతురి చేతులు పట్టుకుని ఏడుస్తోంది. నల్లబట్టల ఆడవాళ్లంతా వెంట రాగా మెట్లు దిగి వచ్చేసరికి వీధి ఖాళీగా ఉంది. అంతమంది ముందు ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి ఆమె ఇంటికి రాలేదు. అలాన్‌లో తండ్రి హాజీ ముఫ్లెహ్ ఇంటికి వెళ్లి, తలుపు వేసుకుంది.

రెండు రోజుల్లో తనే వస్తుందని నవ్వాఫ్ అన్నాడు. వారాలు గడిచాయి. మొదట్లో ఇల్లు హాయిగా ఉన్నట్టే అనిపించింది. వండటం, తినడం, కడగడం అన్నీ చిటికెలో అయిపోయేవి. అయ్యాక చూస్తే ఇంకా పొద్దు గుంకేది కాదు. గదులన్నీ తిరిగేవాడు, కుర్చీలో కూర్చుని లేచేవాడు, మళ్లీ కూర్చునేవాడు. ఇన్నేళ్లూ తను పరుగెత్తి పరుగెత్తి మిగిల్చిన పొద్దంతా ఆమె నెమ్మదిగా వాడుకునేదని, దాన్ని ఒంటరిగా ఏం చేసుకోవాలో తనకి తెలియదని అప్పుడు అర్థమైంది. ఆమె లేకపోతే ఊపిరాడటం లేదు. ఆ మాట ఎవరితోనూ అనలేక పక్కనున్న డ్రైవర్లతో గొడవలు పడేవాడు.

చివరికి బాబాయ్ అబూ షాహెర్ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పుట్టింటికి అలిగి వెళ్లిన ఆడమనిషిని తీసుకురావాలంటే పెద్దమనుషులు రాయబారంగా, జాహాగా, వెళ్లాలి, దానికి ఆయనే ముందుండాలి. రేపే వెళ్దామన్నాడు నవ్వాఫ్. ఆయన మీసం దువ్వుకుంటూ చాలాసేపు ఆలోచించి, ఆలివ్ కాయలు కోసి, నూనె ఆడించాక, ఇన్షా అల్లా, అన్నాడు. నవ్వాఫ్ నోరు తెరిచి మూసుకున్నాడు. ఆ శరత్కాలమంతా సల్త్ కొండల్లో ఒక్కో ఆలివ్ కాయా ఎప్పుడు రాలుతుందా అని లెక్కపెట్టుకున్నవాడు అతనొక్కడే.

జాహా అతని బస్సులోనే బయల్దేరింది. తెల్లటి తలగుడ్డల పెద్దలు, మధ్యలో అబూ షాహెర్.

“ఒరే, నెమ్మదిగా పోనీ,” అన్నాడాయన. “తొందర షైతానుది. అక్కడ నువ్వు నోరు మెదపకు. నీ తరఫున మాట్లాడటానికే మేం వస్తున్నాం.”

హాజీ ముఫ్లెహ్ ఇంట్లో పరుపుల మీద కూర్చున్నారు. ఫిద్దా అన్న గాలిబ్ చేదుకాఫీ ఫింజాన్లనే చిన్న కప్పుల్లో పోసి అందరికీ ఇచ్చాడు. అబూ షాహెర్ తన ఫింజాన్ తీసుకుని, తాగకుండా ముందు నేల మీద పెట్టాడు. పెద్దలందరూ అలాగే పెట్టారు. ఏదైనా అడగడానికి వచ్చినవాళ్లు, అడిగింది ఇస్తామని ఇంటాయన చెప్పేదాకా కాఫీ ముట్టరు. అంతకుముందే తాగితే, మాకు మీతో పనేమీ లేదని చెప్పినట్టే. మా పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

అబూ షాహెర్ మొదలుపెట్టాడు. దేవుణ్ణి స్తుతించాడు. ప్రవక్తని తలుచుకున్నాడు. మొట్టమొదటి మనిషికి తోడు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాడు. అక్కణ్ణుంచి రెండు వంశాల తాతల దగ్గరికి వచ్చాడు, వాళ్లు కలిసి తవ్విన బావి దగ్గర ఆగాడు. బావిలో నీళ్లు ఎప్పుడు పడ్డాయో పక్కాయనని అడిగాడు. ఇద్దరూ ఒక నిర్ణయానికి రాలేకపోయారు. నవ్వాఫ్ మోకాలు దానంతటదే ఊగుతోంది. లోపలి గదిలో ఏదో గిన్నె చప్పుడు. అది ఆమె చెయ్యేనా? ఈయన బావిలోంచి ఎప్పుడు బయటికొస్తాడు? ఇంకా పెళ్లి దగ్గరికే రాలేదు, చావు దగ్గరికి ఎప్పుడొస్తాడు?

అతని చెయ్యి అతన్ని అడక్కుండానే వెళ్లింది. ఫింజాన్ ఎత్తి ఒక్క గుక్కలో తాగేసి, అలవాటు కొద్దీ ఇక చాలన్నట్టు ఆడించి గాలిబ్‌కి చాచాడు.

అబూ షాహెర్ కళ్లు మూసుకున్నాడు. హాజీ ముఫ్లెహ్ నవ్వలేదు, కోప్పడలేదు.

“అల్లుడు కాఫీ తాగేశాడు,” అన్నాడు. “అంటే ఆయనకి మా దగ్గర కావలసిందేమీ లేదన్నమాట. మీరూ తాగండి అబూ షాహెర్. వచ్చినందుకు సంతోషం.”

“చావింటి దగ్గర కూడా ఆగలేనివాడు కాఫీ ముందు ఆగుతాడా?” అన్నాడు గాలిబ్.

నవ్వాఫ్‌కి పుండు మీద కారం చల్లినట్టయింది. పెద్దలు చేతికర్రలు అందుకుంటున్నారు. అంతా అయిపోయింది, ఈ పాడు చేతివల్ల, ఇన్నేళ్ల కాపురం ఒక్క గుక్కలో అయిపోయింది అనుకున్నాడు.

అప్పుడు లోపలి నుంచి వాసన వచ్చింది. పచ్చి కాఫీగింజలు పెనం మీద వేగుతున్న వాసన. అబూ షాహెర్ చేతికర్ర మళ్లీ గోడకి ఆనించాడు.

“ఎవరో కొత్త కాఫీ చేస్తున్నారు,” అన్నాడు. “అంటే మేమింకా రానట్టే. కూర్చోండి.”

హాజీ ముఫ్లెహ్ తలుపు వైపు చూసి, తనూ సర్దుక్కూర్చున్నాడు.

గింజలు వేగాయి. చల్లారాయి. చల్లారడానికి ఎంతసేపు పడుతుందో నవ్వాఫ్‌కి ఆ రోజు తెలిసింది. తర్వాత కర్రరోట్లో దంపుతున్న చప్పుడు మొదలైంది, రెండు దెబ్బలు, ఒక ఆగడం, మళ్లీ రెండు దెబ్బలు. ఆ ఆగడం ఫిద్దాదే. నవ్వాఫ్ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పారిపోవడానికి ఏ పనీ లేకపోయేసరికి, ఇంతకాలం పక్కకి నెట్టిన ఆ సాయంత్రం ఎదురుగా వచ్చి నిలబడింది. మెట్లు దిగిన ఫిద్దా. ఖాళీ వీధి. ఏడ్చి ఉబ్బిన కళ్లతో ఆమె అటూ ఇటూ చూడటం. అతని ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది.

కొత్త కాఫీ వచ్చింది. ఈసారి బావి ఊసెత్తకుండా అబూ షాహెర్ విషయం చెప్పాడు. తప్పు మాదే, బిడ్డని పంపమని అడగడానికి వచ్చాం. నవ్వాఫ్ ఫింజాన్ మీంచి ఆవిరి పోయింది, పైన సన్నటి తెట్టు కట్టింది.

“తాగు నాయనా,” అన్నాడు హాజీ ముఫ్లెహ్ చివరికి. “పంపుతాను.”

అందరూ తాగారు. నవ్వాఫ్ ముట్టలేదు.

“ఆమె చెప్పాలి మామా,” అన్నాడు.

ఆయన కనుబొమలు పైకి లేచాయి. తలుపు వెనక నుంచి ఆమె గొంతు, ఎప్పటిలాగే తీరిగ్గా, “తాగమనండి నాన్నా. వస్తాను. ఇవాళ కాదు. నేనొచ్చిన రోజే వస్తాను.”

చల్లటి చేదుకాఫీ తాగాడు. అంత చేదు ఎప్పుడూ ఎరగడు.

ఆ మర్నాటి నుంచి అలాన్‌లో హాజీ ముఫ్లెహ్ సందు మొదట్లో బస్సు ఆపి, ఇంజన్ కట్టేసి కూర్చునేవాడు. చెయ్యి మాట వినదని తెలుసు కాబట్టి తన ఎర్రగళ్ల తలగుడ్డ తీసి హారన్ మీద చుట్టాడు. ప్రయాణికులు మొదట నవ్వారు, తర్వాత తిట్టారు. ఈ మనిషికి ఏదో జబ్బు చేసిందన్నారు. లోపల అతనికి పాత మంటే రగులుతూ ఉండేది, పిడికిళ్లు బిగుసుకునేవి. మంచివాడైపోయాడని ఎవరూ అనుకోవద్దు. ఊరికే కూర్చునేవాడు, అంతే.

మొదటి వాన పడిన రోజు సందు చివర గేటు తెరుచుకుంది. ఫిద్దా, చేతిలో సంచి. గేటు దగ్గర ఆగి వదినతో మాట్లాడింది. నాలుగడుగులు వేసి వెనక్కి వెళ్లింది. పక్కింటావిడ గొడుగుతో బయటికొచ్చింది, ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. బస్సంతా లేచి నిలబడింది.

“హారన్ కొట్టవయ్యా, ఆవిడ నిన్ను చూడలేదు,” అన్నాడు వెనక సీటు ముసలాయన.

“పాడైంది,” అన్నాడు నవ్వాఫ్.

ముసలాయన నమ్మలేదు. అతని భుజం మీదుగా వంగి, తలగుడ్డ మీదనే అరచేత్తో గట్టిగా నొక్కాడు. మోతకి సందంతా దద్దరిల్లింది.

సందులో ఫిద్దా నిలబడిపోయింది. నవ్వాఫ్ పరుగెత్తబోయాడు. ఆగాడు. తలుపు తీసుకుని దిగి, వానలో, ఆమెకి కనిపించేలా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. లోపల ముసలాయన తనదే తప్పని అరుస్తున్నాడు, వానలో ఎవరికీ వినిపించలేదు.

ఆమె అతని వైపు చూసింది. పక్కింటావిడ వైపు తిరిగి, మిగిలిన మాట పూర్తి చేసింది. ఆ తర్వాత నడిచి వచ్చింది. చెప్పులు తడవకుండా ఒక్కో రాయీ చూసుకుంటూ. అతని చొక్కా ఒంటికి అంటుకుపోయింది, చేతులు నొప్పెడుతున్నాయి, దించలేదు.

“నేను కాదు ఫిద్దా,” అన్నాడు.

“తెలుసు,” అంది ఆమె సంచి అతనికి అందిస్తూ. “ఒక్కటే మోగింది. నువ్వైతే మూడు కొడతావు.”

ఎక్కి ముందు సీట్లో కూర్చుని తల తుడుచుకోవడం మొదలుపెట్టింది. అతను తాళంచెవి మీద చెయ్యి పెట్టి, ఆమె తుడుచుకోవడం అయ్యేదాకా తిప్పలేదు.