ఆర్కిడ్ ఆకులకు గంజి

వీధి మలుపులో ఇస్త్రీ దుకాణం నడిపే ఆయనని అందరూ మడత మావయ్య అంటారు. చాలామంది మాటల్లో మడతపేచీ దొరుకుతుంది గానీ, ఈయన మడతలో మాత్రం ఏ పేచీ దొరకదు. బస్సు టికెట్టునైనా అంచుకు అంచు కలిపి మడిచి జేబులో పెట్టుకునే మనిషి. ముప్పై ఏళ్ళు అలా పనిచేశాక కుడి భుజం పట్టేసింది. ఇస్త్రీపెట్టె ఎత్తితే చాలు, ప్రాణం కళ్ళల్లోకి వచ్చేది. ఇక బరువులెత్తే పని మరిచిపొమ్మని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

అప్పటి నుంచి భార్యా కూతురూ దుకాణం నెట్టుకొస్తున్నారు. మావయ్య మూలన స్టూలు మీద చేతులు ముడుచుకుని కూర్చోవడం మొదలై ఎనిమిది నెలలైంది. ఎవరైనా బట్టల మూట తెస్తే అలవాటుగా లేచేవాడు. "మీరు కూర్చోండి, మేం చూసుకుంటాంగా" అనేది భార్య. ఆవిడ మంచికే అనేది. ఆయనకి మాత్రం తల కొట్టేసినట్టుండేది.

కిటికీలో ఒక ఆంథూరియం కుండీ ఉండేది. ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతూ వదిలేసిన మొక్క. ఏమీ తోచక దాని సంగతి ఆయనే చూసేవాడు. దుకాణంలోని వెచ్చదనం, ఆవిరి దానికి బాగా పడ్డట్టున్నాయి, ఒక పువ్వు వాడేలోగా ఇంకొకటి ఎర్రగా పూసేది.

బల్లగుడ్డలు ఇస్త్రీకి తెచ్చే హోటల్ మేనేజరమ్మ ఒకరోజు ఆ పూలు చూసి ఆగిపోయింది. మర్నాడు ఐదు ఆర్కిడ్ కుండీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. పూలన్నీ రాలిపోయి, ఆకులు వేలాడేసి, ఐదూ ఉసూరుమంటున్నాయి.

"మా దగ్గర అటు వెళ్ళినవాడల్లా వీటికి నీళ్ళు పోస్తాడు మావయ్యగారూ. రెండు నెలలు మీ దగ్గర ఉంచండి. ఇవి తేరుకుంటే మా హోటల్లో మొక్కలన్నీ మీకే అప్పజెప్తాను. ఉత్తినే కాదులెండి, జీతమిచ్చే" అంది.

ఆ పూట మావయ్య మారు వడ్డించుకుని తిన్నాడు.

మొక్కలమ్మే ఆయన్ని అడిగి అన్నీ తెలుసుకున్నాడు. కుళ్ళిన వేర్లు కూతురి చేత కత్తిరింపించాడు. కుండీల్లో మట్టికి బదులుగా ఉండే పాత బెరడు ముక్కలు పారేసి కొత్తవి పోయించాడు. వేర్లు తెల్లబడితేనే నీళ్ళు పెట్టేవాడు, పచ్చగా ఉంటే ముట్టుకునేవాడు కాదు. అయినా ఆకులు తల ఎత్తలేదు. పది రోజులు చూశాడు, ఇరవై రోజులు చూశాడు. ఇక ఉండబట్టలేకపోయాడు. ముప్పై ఏళ్ళ పాటు వాలిపోయిన కాలర్లను నిలబెట్టిన మనిషికి ఏం తోస్తుంది? గంజి సీసా తీసి, ఒక్క ఆకు వదలకుండా, అటూ ఇటూ శుభ్రంగా పిచికారీ చేశాడు.

ఆరాక ఆకులు నిగనిగలాడాయి. కాస్త బిగిసినట్టు కూడా అనిపించాయి. ఆ రోజంతా ఆయన హుషారు చూడాలి!

నాలుగో రోజుకి దుకాణంలోని ఆవిరికి గంజి జిగురు తేలింది. దుమ్మూ నూలుపోగులూ అంటుకున్నాయి, బూజు మచ్చలు మొదలయ్యాయి. కూతురు వంగి వాసన చూసింది.

"నాన్నా, ఈ మొక్కలు కొత్త చొక్కాల్లా వాసనొస్తున్నాయేంటి?"

మావయ్య జరిగింది చెప్పాడు. భార్య నవ్వాపుకోలేక బల్ల పట్టుకుంది. తీరా ఆయన మొహం చూసి నవ్వు మింగేసింది.

"ఈ పని కూడా నా వల్ల కాదే. తీసుకుపొమ్మని కబురు పంపించు" అన్నాడాయన.

"గుడ్డకి గంజి ఎక్కువైతే ఏం చేస్తాం?" అంది భార్య.

"గోరువెచ్చటి నీళ్ళలో జాడిస్తాం."

"మరి కూర్చున్నారేం?"

ఆవిడ అలా కూర్చోబెట్టకుండా లేవమనడం ఇన్ని నెలల్లో అదే మొదటిసారి. మావయ్య మెత్తటి పాత గుడ్డ తడిపి, ఆకును కుడి అరచేతిలో ఆనించుకుని, ఎడమచేత్తో తుడవడం మొదలుపెట్టాడు. మొదట్లో ఒక ఆకు చిరిగింది. మూడు రోజులు అదే పని. ఆకుల మొదట్లో నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతాయని గుడ్డ కొసతో అద్ది తీశాడు. మూడో నాటికి ఎడమచెయ్యి ఆయన మాట వినసాగింది.

రెండు నెలలు తిరిగేసరికి మేనేజరమ్మ వచ్చింది. ఒక మొక్క పోయింది. మూడింటికి కొత్త ఆకులొచ్చాయి. ఐదోదానికి ఆకు సందులోంచి చిటికెనవేలంత పూకాడ పైకి లేచింది. ఆవిడ ఇంకా ఏమీ అడగకముందే మావయ్య గంజి సంగతి పూసగుచ్చినట్టు చెప్పేశాడు. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు.

మేనేజరమ్మ పూకాడను చూస్తూనే ఉండిపోయింది. "మా దగ్గర ఎన్ని మొక్కలు చచ్చాయో! ఇదిగో నా వల్ల పోయిందని ఒక్కరూ ఒప్పుకోలేదండీ. వచ్చే వారం నుంచి గురువారాలు రాగలరా?"

ఏ రోజైనా ఖాళీయేనని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు.

"గురువారం కుదరదండీ" అంది భార్య, ఇస్త్రీ ఆపకుండానే. "ఆ రోజు ఆయనకి ఇక్కడ పనుంది. బుధవారం పెట్టుకోండి."

బుధవారమే ఖాయం చేసుకుని మేనేజరమ్మ వెళ్ళిపోయింది. మావయ్య భార్య వైపు తిరిగాడు.

"గురువారం నాకేం పనే?"

"నాకేం తెలుసు, ఏదో ఒకటి ఉంటుంది. పనున్న మనిషి అడిగిన రోజల్లా దొరుకుతాడా?"