పెద్ద కార్డు ఆపేసి తాండూరు వెళ్లిన రోజు

ఊరికి బయల్దేరేముందు అన్నీ ఆపేయడం మా ఇంట్లో ఒక జబ్బు. ఫ్యాను, టీవీ, గ్యాసు, ఆఖరికి వాకిట్లో నల్లా కూడా రెండుసార్లు తిప్పి చూసిగానీ తాళం వేయం. ఆ జబ్బే నన్ను తాండూరులో నవ్వులపాలు చేయబోయింది.

నా లాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ కార్డులున్నాయి. చిన్నది చార్జింగ్ పొదుపు చేస్తుంది. పెద్దది బరువైన బొమ్మలు గీస్తుంది, ఫ్యానుతో రొద పెడుతుంది. నేను వేసుకున్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో వీటిలో ఏది నడవాలో మనమే చెప్పుకోవచ్చు. ఆ పెత్తనమంటే నాకు పిచ్చి ఇష్టం. వికారాబాద్‌లో రైలెక్కేముందు అలవాటుగా పెద్ద కార్డు ఆపేశాను. తాండూరులో దిగేసరికి చార్జింగ్ బాగా మిగిలిందని మురిసిపోయాను కూడా.

తాండూరులో మా చిన్నాయనకు బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ ఉంది. ఇల్లు కట్టుకునేవాళ్లకు రేపు వేయబోయే గచ్చును ముందే తెర మీద చూపిస్తానని నెలరోజులు ఆయన వెంటపడ్డాను. "బండ కండ్ల ముంగట పెడ్తే సరిపోదా? గీ బొమ్మలెందుకు?" అనేవాడు. చివరికి ఒక్కసారికి ఒప్పుకున్నాడు. అది కుదరకపోతే మళ్లీ ఆ మాట ఎత్తకూడదని షరతు.

ఆ రోజు బషీరాబాద్ నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. కిందటిసారి నీలం బండలూ పసుపు బండలూ తడిమి తడిమి చూసి, ఏదీ తేల్చుకోలేక వెళ్లిపోయిన మనిషి. ఆమె కట్టుకుంటున్న ఇంటి కొలతలు తెప్పించుకుని, ఆ ఇంటిని లోపలంతా లాప్‌టాప్‌లో ముందే గీసిపెట్టుకున్నాను.

"జర జల్ది చూపియ్యి బిడ్డా, నాకు బస్సున్నది," అంది.

ఆఫీసు గోడకున్న పెద్ద టీవీకి కేబుల్ పెట్టాను. సిగ్నల్ లేదు. పీకి మళ్లీ పెట్టాను. కేబుల్ మార్చాను. ఊహూఁ! లాప్‌టాప్‌నే ఆమె వైపు తిప్పితే, "గింత చిన్నదాంట్ల చీమలు పారినట్టు కనవడ్తుంది," అంది. చిన్నాయన చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

అంతలో చాయ్ వేళై బయట మిషన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నాకు తట్టింది, లాప్‌టాప్ అస్సలు చప్పుడు చేయడం లేదు! నా లాప్‌టాప్‌లో బయటి తెరకు వెళ్లే దారి పెద్ద కార్డు గుండానే ఉంది. దాన్ని పడుకోబెట్టి, పాపం టీవీని తిట్టుకుంటున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"చాయ్ తాగేలోపల వస్తది చిన్నాయనా," అంటూ ఒక్క లైను కమాండు కొట్టి, లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేశాను. రెండు తెరలూ నల్లగా ఉండిపోయాయి. అప్పుడు ఫ్యాను గుర్రుమంది. టీవీ భళ్లున వెలిగింది.

"వచ్చింది!" వయసు మరిచి గెంతాను.

గోడంత తెర మీద ఆమె హాలు పరుచుకుంది. నీలం గచ్చు, చుట్టూ పసుపు అంచు. మౌసు తిప్పుతూ గడప దాటించి వంటింటిదాకా తీసుకెళ్లాను. నా సంతోషం నాకే పట్టడం లేదు. వెనక ఉలుకూ పలుకూ లేకపోతే తిరిగి చూశాను. కుర్చీలో పెద్దమ్మ లేదు. తలుపు దగ్గర చెప్పులు విడుస్తోంది. బండల దుమ్ముతో నిండిన ఆ ఆఫీసులో ఎవరూ చెప్పులు విడవరు.

"ఎందుకు పెద్దమ్మా?" అన్నాను.

"నా ఇంట్లకు చెప్పులతోని ఎట్లొస్త బిడ్డా?"

చిన్నాయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి, తన చెప్పులు కూడా విడిచాడు.